ఒత్తులు కనబడని అద్దాలు

తూకం వేసేవాడు ఎవరినీ నమ్మడు. పాండూరు దగ్గర, తిరుత్తణి రోడ్డు పక్కన, లారీలను తూచే వేబ్రిడ్జిలో నా ఉద్యోగం. ఖాళీ లారీని తూచేటప్పుడు క్యాబిన్‌లో దుప్పటి కింద ఇద్దరు పడుకుని ఉంటారు. సరుకుతో తిరిగి వచ్చేటప్పుడు ఆ ఇద్దరూ ఉండరు. వాళ్ల బరువంత సరుకు లెక్కలోంచి మాయమైపోతుంది. కొందరు బరువు తక్కువ చూపించడానికి ముందు చక్రాన్ని తూకం పలక అంచు మీద ఆనించి ఆపుతారు. డ్రైవరు నవ్వుతూ టీ తెప్పించాడంటే నేను లేచి వెళ్లి చక్రాలు చూసి వస్తాను. అందుకే కళ్లద్దాల షాపులోకి అడుగు పెట్టినప్పుడు నాకు ముందు కనబడింది అద్దాలు కాదు, షాపాయన నవ్వు.

నా బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మిగిలిందంతా తిరువళ్లూరు లైబ్రరీలో జరిగింది. అక్కడ తెలుగు పుస్తకాలకు ఒకటే బీరువా. వ్యవసాయం, వైద్యం, చరిత్ర, అపరాధ పరిశోధన అని చూడకుండా దాన్ని పై అర నుంచి కింది అర దాకా చదివేశాను. అది అయిపోయాక తమిళంలో విజ్ఞానశాస్త్రం పుస్తకాలు పట్టాను. కంటి లోపల ఒక కటకం ఉంటుందనీ, నలభై దాటాక అది బిగుసుకుపోయి దగ్గరి వస్తువుల మీద చూపును నిలపలేదనీ నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. చదివి తెలుసుకున్నాను. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఈ చదువు వల్ల మా బంధువుల్లో నాకొక పని అంటుకుంది. తమిళ బళ్లకు వెళ్లే మా వైపు పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. పెద్దవాళ్లలో చదివేవాళ్లు తగ్గిపోయారు. పెళ్లి పత్రికలో ఒక పక్క తమిళం, ఒక పక్క తెలుగు వేయించడం మాత్రం ఇంకా మానలేదు. ప్రెస్సువాళ్లకు తెలుగు రాదు. ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు, మనం రాసిచ్చిన కాగితం చూసి అక్షరాల ఆకారాలు దించుతారు. దించినదాన్ని దిద్ది, సంతకం పెట్టి "ఇక అచ్చు వేయండి" అని చెప్పాల్సింది నేను.

నేను అద్దాలు మార్చకముందు మా బంధువుల పత్రిక ఒకదానిలో తప్పు పడింది. "గృహప్రవేశం" అని ఉండాల్సిన చోట "గ్రహప్రవేశం" అని అచ్చయింది. నా కళ్ల ముందు నుంచే పోయింది, నాకు కనబడలేదు. ఆ ఇంట్లో పాలు పొంగుతుంటే మా బావ, అంటే మా అక్క భర్త, అందరి ముందూ అడిగాడు.

"ఏం మచ్చా, ఈ ఇంట్లోకి ఏ గ్రహం వస్తా ఉండాది? శనా, రాహువా?"

మచ్చా అంటే తమిళంలో బావమరిది. మా బావకు నన్ను ఆటపట్టించాలంటే ఆ మాటే నోటికి వస్తుంది.

తరువాత ఆయన కూతురి పెళ్లే కుదిరింది. వాళ్లుండేది తిరుత్తణిలో. తెలుగు పక్క ఉండి తీరాలని మా అక్క పట్టుబట్టింది. బావ ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు.

"ఇదో చూడు మచ్చా, ఈ తూరి ఒక్క తప్పు పడిందా, తెలుగు పక్క తీసేసి ఇంగ్లీషు వేయించేస్తా. మీయక్కకు నువ్వే చెప్పుకో."

"తమ్ముడు చూస్తే తప్పు పడదు," అంది అక్క.

"తమ్ముడు చూస్తాడు. తమ్ముడి కండ్లు చూడాల గదా."

ఆ మాట మీదే నేను కళ్లద్దాలు మార్చుకోవడానికి బయలుదేరాను. ఆ పత్రికలో తప్పు పడితే తెలుగు పక్క పోయేది ఒక పెళ్లికి కాదని నాకు తెలుసు. ఒకసారి ఇంగ్లీషు పడిందంటే తరువాతి వాళ్లందరూ అదే వేయిస్తారు.

తిరువళ్లూరు షాపులో మొదట ఒక యంత్రం ముందు గడ్డం పెట్టించారు. లోపల పొడుగాటి రోడ్డు, దాని చివర గాలిబుడగ బొమ్మ. బొమ్మ మసకబారి మళ్లీ తేటపడింది, యంత్రం ఒక చీటీని కక్కింది. నేను నోరు విప్పకుండానే నా చూపు సంగతి దానికెలా తెలిసిందని అనుమానం వచ్చింది. తరువాత ముక్కు మీద ఒక ఇనప చట్రం పెట్టి, అందులో అద్దాలు మారుస్తూ షాపాయన తమిళంలో అడిగాడు. "ఇది బాగుందా సార్, అది బాగుందా?" రెండుసార్లూ ఒకే అద్దం పెట్టి నన్ను పరీక్షిస్తున్నాడని నాకు తోచింది. "రెండూ ఒకటే," అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

చివర్లో దగ్గరి చూపుకు ఒక అట్ట చేతికిచ్చాడు. అందులో తమిళంలో పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాల దాకా మెట్లు మెట్లుగా వాక్యాలున్నాయి. ఆఖరి మెట్టు కూడా తడబడకుండా చదివేశాను. "సూపర్ సార్," అన్నాడు.

ఇక అద్దం ఏ రకమని మొదలైంది. దూరానికీ దగ్గరికీ మధ్య గీత ఉండే అద్దం ఒకటి. గీత లేకుండా పైన దూరం, నడుమ మధ్య దూరం, కింద చదువు అన్నీ కలిసిపోయే అద్దం ఇంకొకటి, దాన్ని ప్రోగ్రెసివ్ అంటారు.

"గీత ఉంటే వయసు తెలిసిపోతుంది సార్."

"నా వయసు దాచుకుని నాకేం పని?"

అప్పుడాయన ఒక నీలం లైటు తీసి, అద్దం గుండా అట్ట మీద వేసి చూపించాడు. ఒక అద్దం లైటును వదిలింది, ఇంకొకటి ఆపింది. ఫోను నుంచి వచ్చే వెలుతురును కూడా ఇలాగే ఆపుతుందట. ఆ చేతిలైటు వెలుతురూ ఫోను వెలుతురూ ఒకటేనని ఎవరు చెప్పారు? లైటూ ఆయనదే, అద్దమూ ఆయనదే. తక్కెడా రాళ్లూ ఒకడి దగ్గరే ఉంటే ఆ తూకం ఎవరికి కావాలి? ఆ పూత వద్దన్నాను. ప్రోగ్రెసివ్ మాత్రం తీసుకున్నాను. అది ఆయన చెప్పినందుకు కాదు. లారీ నంబరు దూరంలో, తూకం అంకెలు నడుమ, రసీదు దగ్గరలో ఉంటాయి. నా ఉద్యోగానికి అది సరిపోతుందని నేనే ఆలోచించుకున్నాను.

అద్దాలు వచ్చాయి. లారీ నంబర్లు మెరిసిపోయాయి. తమిళ పేపరు హాయిగా చదివాను. రాత్రి భోజనమయ్యాక తెలుగు పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాల కింద చీమలు పాకినట్టుంది. పేజీ కొసలకు వెళ్లేసరికి మాటలు చెదిరిపోయాయి.

మా ఆవిడతో చెప్పాను. "తమిళం కనపడతా ఉండాది. తెలుగు కనపడలే."

ఆమె ఇడ్లీ పిండి కలుపుతూ అంది. "అద్దాలు తిరువళ్లూరులో చేసినవి గదయ్యా. వాటికి తెలుగు రాదేమో."

నేను నవ్వలేదు. ఖరీదైన అద్దం చూపించి మామూలుది బిగించారని నా అనుమానం. అసలైన ప్రోగ్రెసివ్ అద్దంలో కంపెనీ గుర్తు కంటికి ఆననంత సన్నగా చెక్కి ఉంటుందనీ, నోటి ఆవిరి పడితే బయటపడుతుందనీ ఎక్కడో చదివాను. అద్దం తీసి, ఆవిరి ఊది, ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ వంచి చూశాను. ఏమీ కనబడలేదు. కనబడకపోవడానికి కారణం అక్కడ గుర్తు లేకపోవడమా, కళ్లద్దాలు నా ముక్కు మీద కాక చేతిలో ఉండటమా అన్నది తేల్చుకోలేకపోయాను. మా ఆవిడను చూడమంటే, "నాకు పనుంది, నీ అద్దానికి నువ్వే ఊదుకో," అంది.

షాపుకు వెళ్లి అడిగితే షాపాయన ఒకే మాట చెప్పాడు. "అలవాటు కావాలి సార్." నాకు ఈ అలవాటు అనే మాట మీదే నమ్మకం లేదు. తప్పు తూచే పలకను కూడా జనం అలవాటు చేసుకుంటారు.

ఇంతలో తిరుత్తణి ప్రెస్సు నుంచి పత్రిక నమూనా కాగితం వచ్చింది. ఒకసారి చదివాను, బాగానే ఉంది. మళ్లీ చదివాను, బాగానే ఉంది. అయినా సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. ఫోనులో ఫొటో తీసి పెద్దది చేస్తే అక్షరాలు పెద్దవైనాయి కానీ అంచులు నీళ్లలో కలిసినట్టు అయ్యాయి. ఆ సాయంత్రానికి కాగితం ప్రెస్సులో ఇవ్వాలి. సెలవు పెట్టి తిరుత్తణి రైలెక్కాను. మా అక్క తన కళ్లు చూపించుకునే షాపు ప్రెస్సు ఉన్న వీధిలోనే ఉందని తెలుసు. ముందు అక్కడికి వెళ్లాను.

అక్కడ పరీక్ష చేసేది ముప్పై ఏళ్లు దాటని అమ్మాయి, తెల్లకోటు వేసుకుంది. నేను తమిళంలో చెప్పాను, ఆమె తమిళంలో విన్నది. నా అద్దాలు తీసుకుని ఒక యంత్రం కింద పెట్టి చూసింది. చీటీలో ఏముందో అద్దంలో అదే ఉందని చెప్పింది. నేను వెతికిన కంపెనీ గుర్తుల పక్కన చుక్కలు పెట్టి వాటిని కూడా చూపించింది. మోసం లేదట.

నాకు నమ్మకం కుదరలేదు. లారీవాడు లారీవాడిని పట్టిస్తాడా? అప్పుడే మా ఆవిడ ఫోను చేసింది. అమ్మాయికి కాస్త ఎడంగా తిరిగి తెలుగులో మాట్లాడాను.

"ఏమయ్యా, ఏమన్నారు?"

"ఏమంటారు? ఆ షాపోళ్లు చేసిందే కరెక్టంట. అంతా ఒకటే గుంపు. ఈయమ్మ ముఖం చూస్తే మంచిదాని మాదిరే ఉండాది గానీ, ఇంకొక అద్దం అమ్మకుండా వదిలేట్టు లేదు."

"మెల్లగా మాట్లాడయ్యా, వినపడుతుంది."

"వినపడితే ఏం? తెలుగు తెలిస్తే గదా."

ఫోను జేబులో పెట్టుకున్నాను. ఆ అమ్మాయి తల ఎత్తకుండా నా అద్దాలు గుడ్డతో తుడుస్తూ తెలుగులో అంది. "ముఖం మంచిదాని మాదిరే ఉందన్నావు గదన్నా. అది చాల్లే నాకు."

మా ఊళ్లలో ఇది రోజూ జరిగేదే. ఇద్దరు తెలుగువాళ్లు తమిళంలో గంటసేపు బేరమాడుతారు. ఎవరో ఒకరికి ఇంటి నుంచి ఫోను వచ్చాకే గుట్టు బయటపడుతుంది. తెలిసి తెలిసీ ఆ గుంటలో పడ్డాను. "తెలుగోళ్లామ్మా మీరు?" అన్నాను.

"ఇంట్లో తెలుగేన్నా. మాట్లాడతాము, చదివేది రాదు. బళ్లో తమిళమే గదా. కోపమొద్దు గానీ ఒకటి చెప్పు. ఆ షాపులో నీ చేత ఏం చదివించినారు?"

"తమిళం అట్ట."

"ఇంట్లో ఏం చదవతావు?"

"తెలుగు పుస్తకాలు."

"మరి అద్దం దేనికి చేయించుకున్నావన్నా? అట్ట చదివేదానికా?"

తమిళ అక్షరం ఒంటరిగా నిలబడుతుంది. నెత్తి మీద చుక్క ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. తెలుగు అక్షరం తన కింద ఇంకొకరిని మోస్తుంది. ఆ కిందివాడు మనం చదివే పుస్తకాల్లో ఆవగింజంత ఉంటాడు. నా చూపు పరీక్షలో వాడి గురించి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

"తెలుగుది ఏదన్నా ఉండాదా నీ దగ్గర?"

సంచిలోంచి పెళ్లి పత్రిక కాగితం తీశాను. ఆమె నా ముక్కు మీద ఇనప చట్రం పెట్టి, నా పాత చీటీలో ఉన్న అద్దాలే అందులో వేసి, మామూలుగా ఇంట్లో ఎలా పట్టుకుంటానో అలా పట్టుకోమంది. పట్టుకున్నాను. కంటి నుంచి కాగితం దాకా స్కేలు పెట్టి చూసింది.

"ఇంత దగ్గరా? ఆ షాపులో అట్ట దూరంగా పట్టుకొని ఉంటావు."

"అది వాళ్లు పట్టుకోమన్న చోటు."

"సరే, చదువు."

గడగడా చదివేశాను. ఆమె నా ముఖం వైపు చూస్తూ ఉంది.

"నువ్వు చదవతా ఉండావా, చెప్తా ఉండావా?"

"చదవతానే ఉండా."

"నాకెట్ల తెలిసేది? నాకు రాదు గదా." ఒక తెల్ల అట్టలో సన్నటి సందు కోసి కాగితం మీద కప్పింది. ఇప్పుడు సందులోంచి ఒకే ఒక అక్షరం కనబడుతోంది. పెన్ను కొన దాని కింద పెట్టింది. "ఇది ఏంది?"

"చకారం. దాని కింద చ ఒత్తు."

"పేరొద్దున్నా. పేరు చెప్తే నాకు ఏం తెలుస్తుంది? ఆకారం చెప్పు. కిందిది మూసుకోని ఉండాదా, తెరుచుకోని ఉండాదా?"

ఆ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చూశాను. కళ్లు చిట్లించి చూశాను. అక్కడ నల్లటి మచ్చ ఉంది. దానికి నోరుందో లేదో తెలియలేదు. చ ఒత్తు మూసుకుని ఉంటుందని నాకు తెలుసు. తెలుసు గనుక మూసుకుని ఉందని చెప్పబోయాను. ఆమె వేలు ఎత్తింది. "తెలిసింది వద్దు. కనపడేది చెప్పు."

"కనపడలే," అన్నాను.

చట్రంలో ఇంకో పల్చటి అద్దం వేసింది. మచ్చకు అంచులు వచ్చాయి. దాన్ని తీసి వేరేది వేసింది. మచ్చ విచ్చుకుంది. పై అక్షరం పైన తెరుచుకుని ఉంది. కింది ఒత్తు కూడా తెరుచుకుని, కొక్కెంలా కుడి పక్కకు వంగి ఉంది. అది చ కాదు. ప. దాని కింద ప ఒత్తు.

అట్టను పక్కకు జరిపి ఆ వాక్యం మొత్తం చదివాను. "సకుటుంబ సపరివార సమేతంగా విప్పేసి వధూవరులను ఆశీర్వదించ ప్రార్థన."

"ఏమైందన్నా?"

చెప్పడానికి ఇబ్బందిపడ్డాను. "విచ్చేసి అని ఉండాల. అంటే దయచేసి, వచ్చి అని అర్థం. వీళ్లు విప్పేసి అని వేసినారు."

ఆమె ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరువాత ఆమె కళ్లు చిన్నవయ్యాయి. ఆ చూపు నాకు బాగా తెలుసు. లారీ చక్రాల వైపు నేను చూసే చూపే అది.

"నిజంగా అట్లనే ఉండాదా? నన్ను ఏమారుస్తా లేవు గదా? పెండ్లి పత్రికలో యాడన్నా అట్ల వేస్తారా?"

"నేనెందుకు ఏమారుస్తానమ్మా?"

"నన్ను గుంపు అన్నావు గదా. నేను మాత్రం నిన్ను ఊరికే నమ్మాలనా?"

ఆమె ఆ వాక్యాన్ని ఫొటో తీసి, నగరిలో ఉన్న వాళ్ల మేనత్తకు పంపింది. వాళ్లింట్లో తెలుగు చదివేది ఆవిడ ఒక్కతేనట. కాసేపటికి ఫోను మోగి, ఒక పెద్దావిడ గొంతు షాపంతా వినబడింది.

"ఏమే, ఎవరింటి పెండ్లి ఇది? నేను రాను తల్లీ! మీ మామను మాత్రం అసలే పంపియ్యను!"

అమ్మాయి కౌంటరు మీద తల పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను రెండుసార్లు చదివి బాగుందనుకున్నది ఈ వాక్యాన్నే. కళ్లకు కనబడని చోటల్లా నా చదువు కూర్చుని, ఉండాల్సిన అక్షరాన్ని తానే పెట్టేసింది. గ్రహప్రవేశం కూడా అలాగే దాటిపోయి ఉంటుంది.

ఆమె నవ్వు ఆపుకుని అద్దాల సంగతి చెప్పింది. ఉద్యోగానికి ఇప్పుడున్న ప్రోగ్రెసివ్ సరిగ్గానే ఉంది, దాన్ని వదలొద్దు. చదువుకు మాత్రం వేరేగా ఒక అద్దం కావాలి. నేను పుస్తకం పట్టుకునే దూరానికి, పేజీ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే బలం ఉండే మామూలు అద్దం.

"చూసినావా," అన్నాను. "ఇంకొక అద్దం అమ్మకుండా వదలవని చెప్పలా?"

"అమ్మేదానికే కూర్చోని ఉండాన్నా, తూకం వేసేదానికా? ఇంట్లో పాత ఫ్రేము ఉంటే తే. అద్దం మాత్రం మారుస్తా. పూతలు ఏమీ వద్దు నీకు."

పూతలు వద్దని తనంతట తానే అన్నందుకు సంతోషించాలో, ఇందులో ఇంకేముందో అని ఆలోచించాలో తెలియక సరేనన్నాను. ఒక్క షరతు పెట్టాను. అద్దం వచ్చాక తమిళ అట్ట మీద కాదు, నా పుస్తకం మీద చూసుకునే తీసుకుంటాను. "పేరొద్దు, ఆకారం చెప్పాల," అని ఆమె తన షరతు పెట్టింది.

ఇక మిగిలింది పత్రిక. ఆ ఇనప చట్రం షాపు దాటి బయటికి పోకూడదు. అది లేకుండా నేను దిద్దలేను. ప్రెస్సాయనకు ఫోను చేస్తే ఆయనే వచ్చాడు. తప్పు చూపించాను. ఆయన కాగితాన్ని దూరంగా, దగ్గరగా పెట్టి చూసి, తమిళంలో "రెండూ ఒకేలా ఉన్నాయి కదా సార్," అన్నాడు. అర్థం అడిగాడు. అమ్మాయే చెప్పింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పరుగున వెళ్లి దిద్దిన కాగితం పట్టుకొచ్చాడు.

ఆ చట్రం ముక్కు మీద పెట్టుకుని, సందు కోసిన అట్ట కాగితం మీద జరుపుతూ, మొదటి అక్షరం నుంచి చివరి దాకా వెళ్లాను. మాటలుగా చదవలేదు. ఒక్కో ఒత్తు దగ్గరా ఆగి, మూసుకుని ఉందా తెరుచుకుని ఉందా అని చూశాను. పెళ్లికొడుకు తాతగారి పేరు కింద ఒక ఒత్తు తప్పిపోయి ఉంటే దాన్ని కూడా పట్టుకున్నాను. నా వెనకాల ఇద్దరు మనుషులు, ఒక్క తెలుగు అక్షరం కూడా రానివాళ్లు, మెడలు సాచి చూస్తున్నారు. తాతగారి పేరును కూడా సరిచేయించాకే సంతకం పెట్టాను.

పెన్ను మూత పెడుతుండగా బావ ఫోను చేశాడు.

"ఏం మచ్చా, జనాన్ని ఏమో విప్పేసి రమ్మన్నావంట?"

నేను ఎవరికీ చెప్పలేదు. ప్రెస్సాయన వైపు చూశాను. ఆయన గోడ మీది కళ్లద్దాల ఫ్రేములు చూస్తున్నాడు.

"నేను వేయలా బావా. నేను పట్టుకున్నా."

"అట్లే వదిలేసుంటే మండపం చాలకపోయుండు గదరా."

"బావా, నిజం చెప్పు. తెలుగు తీసేస్తావా?"

అవతల మా అక్క గొంతు వినబడింది, ఏమందో తెలియలేదు. బావ గొంతు తగ్గించాడు.

"తీస్తే మీయక్క నన్ను ఇంట్లోంచి తీసేసేట్టు ఉండాది. ఉండనీలే. ఒకటి మాత్రం విను మచ్చా. ఆ అద్దం చేతికొచ్చేదాకా ఇంకెవరి పత్రికలోనూ సంతకం పెట్టబాక."